ఔరిస్తెలా దీవిస్తే

పొద్దున్నే ఔరిస్తెలా పెరట్లో పొయ్యి వెలిగించేది. గ్యాసు రావడం మానేసి చాలాకాలమైంది కాబట్టి ఇంట్లో ఆ రోజుకి ఏది పనికిరాదనిపిస్తే అది పొయ్యిలోకి వెళ్ళేది. ముందు పాత మంచం కోళ్ళు పోయాయి, తర్వాత బీరువా తలుపులు. ఆ వారం కాలుతున్నది చచ్చిపోయిన మొగుడి వాలుకుర్చీ. ఆ మంట మీద బాణలి పెట్టి, మగ్గిన అరటిపండూ మొక్కజొన్న పిండీ కాస్త చీజూ కలిపి చుట్టలుగా చేసి వేయించేది. వేయించడానికి నూనె లేని రోజున పెనం మీద కాల్చేది. అవి మాడిన వాసన వస్తే, ఆమె లేచిందని పేటంతటికీ తెలిసేది.

ఆ వేళకే జనం బిందెలూ డబ్బాలూ పట్టుకుని ఆమె కిటికీ ముందునుంచి పోతుండేవారు. నీళ్ళ వరసకి కొందరు, పెట్రోలు వరసకి కొందరు, వరస దేనికో తెలీకుండా నిలబడడానికి కొందరు. కిటికీ దగ్గర ఒక్క క్షణం ఆగి ప్రతివాడూ ఒకే మాట అనేవాడు.

"దీవించమ్మా!"

"దేవుడు చల్లగా చూడాలి నాయనా," అనేది ఆమె, పొయ్యి దగ్గర్నుంచి తల తిప్పకుండానే.

పెద్దవాళ్ళు ఎదురుపడితే దీవించమనడం మా సరస్సు వైపు జనానికి పాలతో వచ్చిన అలవాటు. వస్తే అడుగుతాం, వెళ్తే అడుగుతాం, ఫోనెత్తితే హలో కంటే ముందు అదే అడుగుతాం. అడగలేదంటే తెంచుకున్నట్టే. అందరి దీవెనలూ నోటిమాటలే అనుకోండి. ఔరిస్తెలాది మాత్రం అలా కాదు. ఆమె దీవించిన మనిషి ఆ రోజు దీపాలవేళకి ఇల్లు చేరతాడు. తాగి పడున్నా, తగాదాలో ఉన్నా, వరసలో రేపోమాపో తన వంతు వస్తుందనగా ఉన్నా, పొద్దు వాలేసరికి కాళ్ళు వాటంతటవే ఇంటివైపు తిరుగుతాయి. ఆమె మొగుడు ఎలియో చమురు బావుల మీద పనిచేసే రోజుల్లో పడవ మునిగింది. ఎలియో సరస్సు అడుగున నడుచుకుంటూ వచ్చి దీపాలవేళకి గుమ్మంలో నిలబడ్డాడు. కొత్తగా కడిగిన నేల మీద జిడ్డు అడుగులు వేశాడని ఔరిస్తెలా తిట్టింది. పని మధ్యలో వదిలేసి ఎందుకెళ్ళావని కంపెనీ సంజాయిషీ అడిగింది. అంతే, ఇక దాని గురించి ఎవరూ మాట్లాడుకోలేదు.

అయితే దీవెనకి హద్దులున్నాయి. నోరు తెరిచి అడగాలి. అడగనివాడికి ఆమె ఎంత గుండెలు బాదుకుని ఇచ్చినా అంటదు. రెండోది, దీవెన మనిషిని ఇంటికి చేరుస్తుంది, అంతవరకే. ఏ స్థితిలో చేరుస్తుందో దాని పూచీ కాదు.

ఈ రెండో సంగతి మాకు ఆ ఏడాదే బాగా తెలిసొచ్చింది.

మా పేట పేరు మెచూర్యో. కంపెనీ గొట్టం మీద రాత్రింబవళ్ళు మండే గ్యాసు మంటని మా వైపు అలా అంటారు. ఆ మంట వెలుగులో మేం పుట్టాం, చదువుకున్నాం, ప్రేమలేఖలు రాసుకున్నాం. చీకటంటే ఏమిటో సినిమాల్లో చూశాం. తర్వాత చమురు ధర పడింది, పైవాళ్ళు తినాల్సింది తిన్నారు, బావులు తుప్పుపట్టాయి, ఓ రోజు మంట ఆరిపోయింది. కాలికింద తవ్వితే నల్లటి చమురు ఊరే నేల మీద లాంతరులోకి చుక్క కిరసనాయిలు లేదు. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అంటే ఇదే. కరెంటు రోజుల తరబడి పోయేది. చివరికి ఆసుపత్రిలో పసిపిల్లలు పోవడం మొదలయ్యాక జనం గిన్నెలూ గరిటెలూ పట్టుకుని కంపెనీ గేటు రోడ్డు మీదకి వచ్చారు. ప్రభుత్వం ఒక దళం కట్టి, డాళ్ళూ తుపాకులూ ఇచ్చి కుర్రాళ్ళని ఎదురుగా నిలబెట్టింది.

ఔరిస్తెలాకి ఇద్దరు పిల్లలు, లేకలేక పుట్టినవాళ్ళు. యుస్మేలి బళ్ళో పంతులమ్మ. రోజూ గిన్నె వాయించడానికి అందరికంటే ముందు వెళ్ళేది. దానికంటే ఆరేడేళ్ళు చిన్నవాడు నేరియో. దళంలో చేరితే ఇంటికి తిండి సరుకులు ఇస్తారని చేరాడు. చేరిన రోజున యుస్మేలి వాడి ముఖం మీదే తలుపేసింది. ఔరిస్తెలా కూడా "ఆ గుడ్డలు విప్పి రా, అన్నం పెడతాను" అంది. వాడు విప్పలేదు, రాలేదు. సరుకుల సంచీ మాత్రం ఎవరో ఒకరి చేత పంపేవాడు. దళం బండి మీద ఇంటి ముందునుంచి పోతూ తల అటు తిప్పుకునేవాడు. అప్పట్నుంచీ వాడు తల్లిని దీవెన అడగలేదు. ఆమెకి ఏ పూటా ముద్ద సరిగ్గా దిగలేదు.

ఆ వాలుకుర్చీ కాలుతున్న వారానికి ముందువారం పక్కింటి హెసువాల్దో మనవడు ఎండ్రీకి ఆ రోడ్డు మీద గుండు తగిలింది. పొద్దున ఔరిస్తెలా కిటికీ దగ్గర ఆగి దీవెన అడిగి వెళ్ళిన కుర్రాడు. అందుకని దీపాలవేళకి నడుచుకుంటూ వచ్చాడు. గుమ్మంలో కూర్చున్నాడు. "తాతా, మంచినీళ్ళు" అన్నాడు. తాగాడు, గ్లాసు జాగ్రత్తగా పక్కన పెట్టాడు, పోయాడు. కాల్చింది దళమని అందరికీ తెలుసు. దళంలో ఎవరో ఎవరికీ తెలీదు. ఆ రోజు నేరియో ఆ వరసలోనే ఉన్నాడు.

హెసువాల్దో ఆ తర్వాత కూడా రోజూ వచ్చి దీవెన అడిగేవాడు. ఆమె కంటే పదేళ్ళు చిన్నవాడు, సరస్సు మీద పడవ నడిపి బతికినవాడు. "కనీసం ఇంటికొచ్చి పోయాడక్కా," అన్నాడొకసారి. ఔరిస్తెలా బాణలిలో ఉన్నదంతా మాడ్చేసింది.

ఆ శుక్రవారం మధ్యాహ్నం హెసువాల్దో పరుగులాంటి నడకతో వచ్చాడు.

"అక్కా, యుస్మేలి ఏదీ?"

"ఎక్కడుంటుంది, రోడ్డు మీదే. ఏమైంది?"

"ఇవాళ వాళ్ళకి అసలు గుళ్ళిచ్చారట. రబ్బరువి కావు. వంటశాలలో పనిచేసే పిల్ల చెప్పింది. చీకటి పడేలోపు రోడ్డు ఖాళీ చేయించమని పైనుంచి మాట వచ్చిందట."

ఔరిస్తెలా పొయ్యిలోంచి కట్టె వెనక్కి లాగి, దాని మీద బూడిద పోసింది. తలకి గుడ్డ కట్టుకుంది.

"ఎక్కడికి? ఆ మోకాళ్ళతోనా?" అన్నాడు హెసువాల్దో.

"దాన్ని నేనే దీవించి పంపాను. అది ఇంటికొస్తుంది. ఎలా వస్తుందన్నదే నా భయం. రెండోవాడు అడగనేలేదు, వాడసలు వస్తాడో రాడో కూడా తెలీదు. నా ఇద్దరూ ఆ రోడ్డు మీద చెరోపక్కా ఉంటే నేనిక్కడ అరటిపండ్లు తిప్పుకుంటూ కూర్చోనా? పద, చెయ్యి పట్టుకో."

రోడ్డు మీద మా పేటవాళ్ళు, పక్క పేటలవాళ్ళు, బాష్పవాయువు పొగకి వెనిగర్‌లో తడిపిన గుడ్డలు ముక్కుకి కట్టుకుని ఉన్నారు. మామూలుగా ఒకటే గోల, పాటలు, దళంవాళ్ళ మీద జోకులు. మా మెచూర్యోవాళ్ళు దీపాలవేళకి ఠంచనుగా ఇళ్ళకి పోతారని పక్క పేటలవాళ్ళు "తిరుగుబాటు ఆఫీసు టైములో చేస్తారు వీళ్ళు" అని వెక్కిరించేవారు కూడా. ఆ రోజు ఎవరూ నవ్వడం లేదు. గుళ్ళ కబురు అందరికీ చేరింది. ఐనా ఎవరూ కదల్లేదు. గిన్నెల మీద గరిటెలు పడుతున్నాయి, అంతే.

యుస్మేలి ముందు వరసలో ఉంది. తల్లిని చూసి ఎగిరిపడింది.

"అమ్మా, నీకేమైనా పిచ్చా? బాబాయ్, నువ్వైనా ఆపొద్దా?"

"మీ అమ్మని నేనాపగలనా?" అన్నాడు హెసువాల్దో.

"ఇంటికి పద," అంది ఔరిస్తెలా.

"రానమ్మా. ఇవాళ భయపడితే ఇక రేపట్నుంచి రానక్కర్లేదు."

"అయితే నీ తమ్ముడు ఎక్కడున్నాడో చూపించు."

"నాకు తమ్ముడెవరూ లేరు," అంది యుస్మేలి. అని, కాసేపటికి తనే గడ్డంతో ఎడమవైపు చూపించింది. రోజూ వాడెక్కడ నిలబడతాడో దానికి తెలుసు.

ఔరిస్తెలా కూతుర్ని వదిలి, రెండు వరసల మధ్య ఖాళీ రోడ్డు మీదకి నడిచింది. గిన్నెల చప్పుడు ఒక్కొక్కటిగా ఆగిపోయింది. డాళ్ళవెనక కుర్రాళ్ళందరూ ఒకేలా ఉన్నారు, అదే టోపీ, ముఖానికి అడ్డంగా అదే నల్లద్దం. ఆమె ముఖాలు చూడలేదు, బూట్లు చూసుకుంటూ పోయింది. నేరియో చిన్నప్పుడు మామిడిచెట్టు మీదనుంచి పడ్డాడు. అప్పట్నుంచీ కుడిపాదం కాస్త బయటికి తిరిగి ఉంటుంది. ఆ పాదం కనిపించిన చోట ఆమె ఆగింది.

"ముసలమ్మా, పక్కకి జరుగు!" అని వెనకనుంచి లెఫ్టినెంటు అరిచాడు. "ఇదే చివరిసారి చెప్పడం!"

ఆమె జరగలేదు. వాణ్ణి తిట్టాలనే వచ్చింది. ఎండ్రీ గురించి అడగాలని వచ్చింది. తీరా అద్దం కింద వాడి గడ్డం, సరిగ్గా గీసుకోవడం చేతకాక తెగిన చోట్లు కనిపించేసరికి అవన్నీ మరిచిపోయింది. ఊరికే చూస్తూ నిలబడింది. మా వైపు ఏ బిడ్డకైనా అది ఓర్చుకోగలిగే పనికాదు. తల్లి ఎదురుగా, ఇంత దగ్గర్లో, మాట్లాడకుండా నిలబడితే నోరు దానంతటదే తెరుచుకుంటుంది.

"దీవించమ్మా," అనేశాడు నేరియో.

అన్న మరుక్షణం నాలుక కరుచుకున్నాడు. కానీ ఆమె కూడా ఆ మాట వింటే జవాబు ఆపుకోగల మనిషి కాదు. "దేవుడు చల్లగా చూడాలి నాయనా," అనేసింది. తర్వాత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం. తల్లీకొడుకులిద్దరూ ఒకేసారి జారారు.

సూర్యుడు సరస్సు అంచుకి తగిలాడు. లెఫ్టినెంటు గొంతు చించుకుని "తుపాకులెత్తండి!" అన్నాడు. డాళ్ళ మీదుగా గొట్టాలు లేచాయి. నేరియో కూడా ఎత్తాడు. ఎదురుగా అమ్మ. అమ్మ వెనక అక్క. ఔరిస్తెలా కళ్ళు మూసుకుంది.

అప్పుడు వాడి కుడిపాదం తిరిగింది. తర్వాత ఎడమది. వాడు తుపాకీని డాలు పక్కన నేల మీద పెట్టి, వరసలోంచి బయటికొచ్చి, తల్లిని దాటి, మా మధ్యలోంచి నడవడం మొదలుపెట్టాడు. "నిలబడు!" అన్నాడు లెఫ్టినెంటు. పక్కనున్న సిపాయి వాడి బెల్టు పట్టుకుని లాగాడు. బెల్టు వాడి చేతికొచ్చింది గానీ మనిషి ఆగలేదు. అదే వేళకి మా పేటవాళ్ళ కాళ్ళు కూడా రోజూలాగే ఇళ్ళవైపు తిరిగాయి. ఇళ్ళకి పోయే మేమూ నిలబడ్డ పక్క పేటలవాళ్ళూ కలగలిసిపోయాం, ఆ గుంపులో నేరియో కనబడకుండా పోయాడు. ఎవరిమీద కాల్చాలో, తమవాడు అందులో ఎక్కడున్నాడో దళంవాళ్ళకి తెలీలేదు. లెఫ్టినెంటు "కాల్చండి" అనే రెండోమాట అనలేకపోయాడు. ఆ సాయంత్రం మా రోడ్డు మీద తుపాకులు పేలలేదు. వేరే ఊళ్ళలో పేలాయని తర్వాత విన్నాం.

అక్కాతమ్ముళ్ళిద్దరూ పక్కపక్కనే నడిచారు, ఆపుకోలేరు కాబట్టి. సగం దూరం ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకోలేదు.

"టోపీ తియ్యి. నిన్ను చూస్తే నాకే రాయి వెయ్యాలనిపిస్తోంది," అంది యుస్మేలి చివరికి.

వాడు తీసి మురుక్కాలవలో పడేశాడు. "నీ జీతంతో సబ్బుముక్క రాలేదని చేరానక్కా," అన్నాడు.

"నాకు తెలుసు. తెలిసే తలుపేశాను," అంది. అని ఏడ్చేసింది.

ఇంట్లో ఔరిస్తెలా వాడికి నల్లచిక్కుళ్ళూ మొక్కజొన్న రొట్టే పెట్టింది. వాడు వారంరోజులు తిననట్టు తిన్నాడు. సంతోషపడాల్సిన పూట. కానీ వాడు ముద్దముద్దకీ వీధివైపు చూస్తున్నాడు.

"పొద్దున్నే బండి వస్తుందమ్మా. మొదట ఇళ్ళే వెతుకుతారు. వదిలొచ్చినవాళ్ళని ఏం చేస్తారో నేనే చూశాను."

"ఏం చేస్తారు?"

"అడక్కు."

తలుపు చప్పుడైంది. నేరియో లేచి గోడకి ఆనుకున్నాడు. వచ్చింది హెసువాల్దో. ఎండ్రీ చనిపోయిన గుమ్మం పక్కింట్లోనే ఉంది. ముసలాయన వాడి చొక్కా మీద దళం గుర్తు చూశాడు, తర్వాత కంచం చూశాడు.

"కూర్చో. తిను," అన్నాడు.

నేరియో కూర్చోలేదు. "బాబాయ్, ఆ రోజు పొగలో నాకు—"

"ఆపు. నేను అడగలేదు, నువ్వు చెప్పకు. చెబితే నమ్మాలో వద్దో నేను తేల్చుకోవాలి. ఆ ఓపిక నాకిప్పుడు లేదు. ఎండ్రీ బండి కోసం దాచిన పెట్రోలు డబ్బా మంచం కింద ఉంది. అవతలి ఒడ్డుదాకా సరిపోతుంది. అక్కణ్ణుంచి కొలంబియా దారి నీకెవరూ చెప్పక్కర్లేదు, సగం దేశం అటే నడుస్తోంది."

"ఎందుకు బాబాయ్? నాకోసం..."

"నీకోసమని ఎవడన్నాడు? ఒక పిల్లాడు నా చేతి మంచినీళ్ళు తాగి పోయాడు. గోడ అవతల ఇంకోడు అలా పోతుంటే నేను వింటూ కూర్చోలేను."

తెలతెలవారుతుండగా నలుగురూ ఒడ్డుకి వెళ్ళారు. నీటి మీద చమురు తెట్టు రంగురంగులుగా కదులుతోంది. హెసువాల్దో పడవ నీళ్ళలోకి తోసి, వెనక్కి వచ్చి ఔరిస్తెలా ముందు తల వంచాడు.

"దీవించక్కా. నేను తిరిగి రావాలిగా."

ఆమె అతని తల మీద చెయ్యి వేసి దీవించింది. ఆ చెయ్యి అక్కడే ఉండగా నేరియో దగ్గరికొచ్చాడు. వాడి కళ్ళు నిండి ఉన్నాయి. పెదవులు విడిపోయాయి. ఔరిస్తెలా ఒక్క అంగలో వెళ్ళి రెండు చేతులతో వాడి నోరు మూసేసింది.

"వద్దు. అడగొద్దు. అడిగితే నేనిస్తాను. ఇస్తే సాయంత్రానికి నువ్వు మన గుమ్మంలో ఉంటావు, వాళ్ళు నీకోసం అక్కడే కూర్చుని ఉంటారు."

వాడు ఆమె చేతుల్లోనే ఏడ్చాడు. ఎప్పటిదాకా అన్నట్టు చూశాడు.

"ఫోన్లో కూడా అడక్కు. తిన్నావా అని నేనడుగుతాను, తిన్నానని చెప్పు. ఈ రోజులు పోయేదాకా మనకంతే. ఎక్కు."

యుస్మేలి తన ఉన్ని చొక్కా వాడి మెడలో వేసి పడవలోకి నెట్టింది. కొడుకు ఊరు దాటి పోతుంటే మా వైపు ఏ తల్లీ అలా పంపదు. పగవాడికైనా దీవెన ఇచ్చే మనిషి సొంత కొడుక్కి ఇవ్వకుండా పంపింది. పడవ చుక్కయ్యేదాకా ఆమె పెదాలు బిగించుకునే ఉంది.

ఎండ ఎక్కకముందే బండి వచ్చింది. సిపాయిలు పరుపులు చీల్చారు, నీళ్ళ డ్రమ్ము తన్నారు. "నీ కొడుకేడీ?" అంటే ఆమె తల అడ్డంగా ఊపింది, నోరు మాత్రం విప్పలేదు. విప్పితే అలవాటుకొద్దీ ఆ మాటే వస్తుందేమోనని, ఎక్కడో పడవలో వాడు తెలీకుండా గొణుక్కున్న దానికి ఇక్కడ తన జవాబు తగులుతుందేమోనని ఆమె భయం. అలాంటిది ఎప్పుడూ జరగలేదు గానీ, తల్లి భయానికి ఆధారాలెందుకు? సంగతి ఎలా పాకిందో, ఆ రోజు పేటలో ఒక్కరు కూడా కిటికీ దగ్గర ఆగలేదు. బిందెలు పట్టుకుని, తల వంచుకుని, చడీచప్పుడు లేకుండా దాటిపోయారు.

దీపాలవేళకి ఆమె మళ్ళీ ఒడ్డున నిలబడింది, యుస్మేలి భుజం పట్టుకుని. జన్మంతా ఆ వేళకి ఎవరో ఒకరు రావాలని ఎదురుచూసిన మనిషి. పడవ కనబడింది. పొద్దు ఎదురుగా ఉంది, కళ్ళకి సరిగ్గా ఆనడం లేదు. పడవలో ఒక తలా రెండా?

"ఎంతమందే?" అంది, పొద్దున్నుంచీ మొదటిసారి నోరు తెరిచి.

"ఒక్కరేనమ్మా," అంది యుస్మేలి.

హెసువాల్దో పడవ దిగి, మోకాలి లోతు నీళ్ళలో నడుచుకుంటూ వచ్చాడు.

"దింపేశానక్కా. లారీ ఎక్కేదాకా చూసే తిరిగాను."

"వెనక్కి చూశాడా?"

"చూశాడు. చాలాసార్లు చూశాడు," అన్నాడు హెసువాల్దో. "కాళ్ళు మాత్రం ముందుకే పడ్డాయి."

ఔరిస్తెలా ఆ చమురు ఇసకలో కూలబడి, కొడుకు ఇంటికి రానందుకు దేవుడికి చేతులెత్తి దణ్ణం పెట్టింది.